640 అడుగుల గుడ్డ బోరు: పని డైరీ

మే 11

కళ్యాణదుర్గం వైపు మా పల్లెలో ఎండిన బోరు మూతికి గోనెసంచి చుట్టి, తాడు బిగించి, పైన రాయి పెడతారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నిన్న ఊరికి పోయినప్పుడు మా చేలో ఆఖరి బోరు దగ్గర ఆ సంచి చివికిపోయి, పోగులు పోగులుగా లోపలికి వేలాడుతూ కనబడింది. గాలి లేదు. అయినా ఒక పోగు కదులుతూనే ఉంది.

బోరు మీద ఏదో ఒకటి కుట్టాలని చాలా ఏళ్ళుగా మనసులో ఉంది. ఏం కుట్టాలో తోచేది కాదు. ఆ పోగులు చూశాక తోచింది. బోరు బొమ్మ కాదు, బోరునే గుడ్డతో కుట్టాలి. మూతి నుంచి అడుగు దాకా, ఎంత లోతుంటే అంత పొడుగున.

ముందు చెయ్యాల్సిన పని వేరే ఉంది. వదిలేసిన బోర్లను మట్టితో పూడ్చాలనీ, బోరు వేసేటప్పుడు పిల్లలు పడకుండా చుట్టూ కంచె వెయ్యాలనీ సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మా చేలో ఆ పని ఇన్నాళ్ళూ జరగలేదు. మట్టి తోలించి పూడ్పించి, పైన సిమెంటు వేయించాను. పాత సంచి పోగులు మాత్రం కవర్లో పెట్టుకుని అనంతపురం తెచ్చుకున్నాను.

అమ్మ ఇనప్పెట్టెలోంచి బోరు బండివాళ్ళు ఇచ్చిన బిల్లు చీటీ తీసి ఇచ్చింది. లోతు 640 అడుగులు. నీళ్ళు అనే గడిలో అడ్డగీత.

మే 14

ఈ రోజంతా లెక్కలే.

బోరు వెడల్పు ఆరున్నర అంగుళాలు. దాని చుట్టుకొలత 20.4 అంగుళాలు. చీర పొడుగు 18 అడుగులు, పన్నా 45 అంగుళాలు. చీరను నిలువునా రెండుగా చేస్తే ఒక్కో పట్టీ ఇరవై రెండున్నర అంగుళాలు. కుట్టులోకి రెండు పక్కలా అంగుళం అంగుళం పోతే మిగిలేది ఇరవైన్నర. బోరు బిట్టు సైజు పెట్టినవాళ్ళు చీర పన్నా కొలిచి పెట్టారా అనిపించింది. కాగితం మీద మూడుసార్లు వేసి చూశాను.

అంటే ఒక చీరకు 36 అడుగుల బోరు. 18 చీరలకు 648 అడుగులు. అతుకుల్లో మూడడుగులు పోయినా ఇంకా ఐదడుగులు మిగులు.

డ్రిల్లింగు రాడ్డు ఒక్కోటి 20 అడుగులు. మా బోరుకు 32 రాడ్లు. గుడ్డ మీద కూడా రాడ్డు లెక్కనే పోతాను. అడుగుల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు. ఒక రాడ్డు దిగి ఇంకోటి తగిలించే ఆ రెండు నిమిషాలు బోరు వేయించినవాళ్ళకు జన్మలో మరుపు రాదు. అప్పుడే కదా ఆపుదామా, ఇంకొకటి దింపుదామా అని బండివాడు అడిగేది.

మే 20

చీరలు దొరికాయి. ఊళ్ళో అత్తలు, పిన్నమ్మలు, పక్కింటి అవ్వ. ఏం చేస్తానో చెప్పే అడిగాను. బోరు అనగానే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. పద్దెనిమిదిలో ఐదే నూలు చీరలు, మిగతావన్నీ పాలిస్టర్. చీరతో పాటు పాత జాకెట్లు కూడా ఇచ్చారు. అప్పటికి జాకెట్లతో పనుంటుందని నాకూ తెలియదు.

మొదటి చీర అమ్మ ముందరే చించాను. నూలుది కాబట్టి అంచు దగ్గర కత్తెరతో కాస్త గాటు పెట్టి లాగితే పోగు వెంబడి నేరుగా చిరిగింది. ఆ చప్పుడుకు అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. కాసేపటికి వచ్చి గడప దగ్గర నిలబడి అంది: "పాత చీర ఉయ్యాలకి కడతాం, బొంత కుడతాం, మసిగుడ్డ చేసుకుంటాం. నిలువునా మాత్రం చించంరా తల్లీ." ఎందుకు చించకూడదో చెప్పలేదు. చెప్పకపోయినా తెలుస్తుంది.

మిగతా పదిహేడూ అమ్మ లేనప్పుడే చేశాను. పాలిస్టర్ చేత్తో చిరగదు. కత్తెరతో పోవాలి. పోగులు ఊడకుండా అంచును అగరొత్తితో కాల్చుకుంటూ పోవాలి. గదిలో మూడు రోజులు ప్లాస్టిక్ కాలిన వాసన, దాని మీద మల్లెల అగరొత్తి వాసన. ఆ రెండూ కలిసిన వాసన శవం లేచిన ఇంట్లో ఉండే వాసనకు దగ్గరగా ఉంది. కిటికీలు తీసి పెట్టి పని చేశాను.

మే 29

గొట్టం కుట్టి వేలాడదీస్తే చప్పబడిపోయింది. గుండ్రంగా నిలవాలంటే లోపల ఏదో ఒక పట్టు కావాలి.

ఇనప తీగ బరువు, పైగా తుప్పు మరకలు పడతాయి. బెత్తం ఖరీదు. చివరికి మా జిల్లాలో ఏ గట్టు మీద చూసినా కనబడే సామానే పనికొచ్చింది: పారేసిన డ్రిప్పు పైపులు. మొదట 16 ఎం.ఎం. పైపు చుట్టాను. ఆరున్నర అంగుళాల చుట్టుకు అది నిలవలేదు, ఒకచోట మడతపడి మొక్కజొన్న గింజలా నొక్కుకుపోయింది. 12 ఎం.ఎం. పైపు చక్కగా తిరిగింది. ఇరవైన్నర అంగుళాలకు కోసి, జాయినరుతో రెండు కొసలూ కలిపితే గాజు తయారు.

రెండడుగులకొక గాజు, మొత్తం 320. గుడ్డకు బయటి వైపు చిన్న చిన్న కొక్కేల్లా పట్టీలు కుట్టి అందులో తొడిగాను. లోపల పని ఉంటుంది కాబట్టి గాజు బయటే ఉండాలి. ప్రతి రాడ్డు చివరి గాజుకు ఎర్ర దారం చుట్టాను. అది లెక్కకు.

నీళ్ళ కోసం తవ్విన బోరును, నీళ్ళు మోయడానికి తెచ్చిన పైపు నిలబెడుతోంది. దీన్ని నేను ఏరుకోలేదు, చేతికందిందే.

జూన్ 8

ఈ పనికి ముఖ్యమైన నిర్ణయం ఇవాళ జరిగింది. అందుకే పొడుగ్గా రాసుకుంటున్నాను.

నేను చేసేది మగ్గం వర్క్. పెళ్ళికూతుళ్ళ జాకెట్లు. మగ్గం మీద గుడ్డ బిగిస్తే పైన కనబడేది పని, కింద ఉండేది ముడులు, దారం కొసలు. కస్టమరుకు ఇచ్చే ముందు లోపలి వైపు లైనింగు వేసి మూసేస్తాం. ఆ వెనక వైపు చూసేది మేమొక్కళ్ళమే.

బోరులో పని లోపలి వైపు ఉండాలి. బయట నడిచేవాళ్ళకు 640 అడుగుల పొడుగునా కనబడేది వెనక వైపే. ముడులు, తెగిన దారాలు, మాసిన చీర రంగు.

ఆగ్నెస్ రిక్టర్ కుట్టిన జాకెట్టు గుర్తొచ్చింది. ఆమె జర్మనీలో దర్జీ పని చేసుకునే మనిషి. పిచ్చాసుపత్రిలో పెట్టారు. అక్కడ ఇచ్చిన గుడ్డతోనే 1895లో ఒక జాకెట్టు కుట్టుకుని, దాని మీద లోపలా బయటా దారంతో రాతలు కుట్టింది. ఇప్పుడది హైడెల్‌బర్గ్‌లో, మానసిక రోగులు చేసిన కళాకృతులు దాచిన ప్రింజ్‌హార్న్ సేకరణలో ఉంది. ఆ రాతల్లో చాలా భాగం ఈనాటికీ చదవడానికి రాదు. ఫోటో చూసిన ప్రతిసారీ నా కన్ను లోపలి రాతల మీదికే పోతుంది. ఒంటికి తగిలే వైపు రాసుకుంది. తొడుక్కున్న మనిషికి తప్ప ఇంకెవరికీ అది తగలదు.

అయితే లోపలి పని చూసేవాళ్ళకు అందేదెట్లా? అక్కడే పాత జాకెట్లు పనికొచ్చాయి. పదహారు జాకెట్లు, ముప్పై రెండు చేతులు. రాడ్డుకొక చెయ్యి. గొట్టానికి పక్కన చీలిక పెట్టి, దానికి జాకెట్టు చెయ్యి అతికాను. వచ్చినవాళ్ళు ఆ చేతిలోంచి తమ చెయ్యి లోపలికి పెట్టాలి. కనబడదు. తడిమే చూడాలి.

మొదటిది అతికి మగ్గం మీద పడేసి టీకి వెళ్ళొచ్చాను. గదిలోకి వస్తూనే ఒళ్ళు జలదరించింది. పొడుగాటి గొట్టంలోంచి ఒక జాకెట్టు చెయ్యి బయటికి చాచి ఉంది. లోపల మనిషి ఉన్నట్టే. ఒక చేతికి చంక దగ్గర చెమట మరక ఇంకా ఉంది. ఉతకలేదు.

చేతుల వల్ల ఇంకో చిక్కు కూడా తీరింది. 640 అడుగులు నిండా కుట్టాలంటే వెయ్యి చదరపు అడుగుల పైమాటే. ఈ జన్మకు కాదు. చెయ్యి పెడితే అందేది అటు అడుగు, ఇటు అడుగు. అంతమేరే పని, మిగతాది ఉత్త గుడ్డ.

జూన్ 17

పొరలు మొదలుపెట్టాను. ఏ లోతులో ఏం పడిందో అమ్మను అడిగి రాసుకున్నాను. నాయన్ని అడగలేదు. ఆయన ఈ బోరు మాట ఎత్తడు, మేమూ ఎత్తం.

1వ రాడ్డు: ఎర్రమట్టి. మెత్తగా ఉండాలి. సిల్క్ దారంతో దగ్గర దగ్గరగా గొలుసు కుట్టు. పెళ్ళి జాకెట్టు మీద మామిడిపిందె నింపేటప్పుడు ఎట్లా నింపుతామో అట్లాగే.

2, 3: గరుసు. షుగర్ బీడ్స్, కట్ దానా కలిపి చల్లినట్టు కుట్టాను. చెయ్యి పెడితే గరగరమంటుంది, గోళ్ళ సందుల్లోకి పోతుందేమో అనిపిస్తుంది.

4 నుంచి బండ. బూడిద రంగు దారంతో రన్నింగ్ స్టిచ్, అంతే. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. ఐదో చెయ్యి, ఆరో చెయ్యి, ఏడో చెయ్యి, ఎక్కడ పెట్టినా అదే. విసుగు రావాలి. బోరు పక్కన మంచం వేసుకుని రాత్రంతా తెల్ల దుమ్ము చూస్తూ కూర్చున్నవాళ్ళకు వచ్చే విసుగు, భయం కలిసినది.

11: 210 అడుగుల దగ్గర తడి తగిలిందని అమ్మ చెప్పింది. అక్కడ 140 చమ్కీలు కుట్టాను, చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి. చల్లగా, జారుడుగా తగులుతాయి. బండలోంచి వచ్చిన చేతికి నీళ్ళే అనిపిస్తుంది.

పక్క తండా నుంచి ఒక సుగాలి అక్క నా దగ్గరికి దారాల కోసం వస్తుంటుంది. అద్దం కుట్టడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. జిగురు ఉండదు. అద్దం మీద అడ్డంగా నిలువుగా దారం వేసి పట్టు చేసుకుని, ఆ పట్టు చుట్టూ కుట్టుకుంటూ పోవాలి. నేను ఆరు అద్దాలు పగలగొట్టాక ఒకటి నిలిచింది. "బిగించొద్దమ్మే, అద్దం ఊపిరాడల్ల" అంది ఆమె. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. మూడు అద్దాలు గొట్టం మొదటి మలుపులో పెట్టాను. ఎందుకో తర్వాత రాస్తాను.

జూన్ 30

దుమ్ము.

బోరు వేసినప్పుడు బయటికి ఎగజిమ్మిన రాతిపొడి మా చేలో ఇంకా కుప్పగానే ఉంది. వానలకు తడిసి పలకలా గట్టిపడింది. వాన ఎంతని, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే నేల. పారతో పగలగొట్టి రెండు బస్తాలు తెచ్చాను.

నల్లపూసల్లాంటి బీడ్స్‌తో దుమ్ము "భావం" తెప్పించడం నాకిష్టం లేదు. ఆ దుమ్మే కావాలి. మెక్సికో కళాకారిణి తెరెసా మార్గోయెస్ 2009లో వెనిస్ బియనాలే అనే కళా ప్రదర్శనకు హత్యలు జరిగిన చోట్ల నెత్తురు, మట్టి అద్దిన గుడ్డలు తెచ్చింది. వాటి మీద ముఠాలు వదిలిన బెదిరింపు మాటల్ని బంగారు దారంతో కుట్టించింది. మేం జరీతో చేసే పనే అది. కింద ఉన్న గుడ్డ వల్ల ఆ మెరుపు వైపు చూడబుద్ధి కాదు, కన్ను తిప్పుకోనూ బుద్ధి కాదు. దాన్ని చూసిన తర్వాత నకిలీ దుమ్ముకు నా మనసొప్పలేదు.

కానీ రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. బండరాయి పొడిలో సిలికా ఉంటుంది, క్వారీల్లో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్ని తినేసేది అదే. పొడిగా వాడకూడదు. మాస్కు పెట్టుకుని, నీళ్ళు చల్లుతూ జల్లెడ పట్టాను.

తుమ్మ జిగురుతో కలిపి పూస్తే అట్టలా బిగుసుకుపోయింది, మగ్గం వర్క్‌కు వాడే ఆరి సూది దిగలేదు. రెండు సూదులు విరిగాయి. ఉత్త గంజితో పూస్తే ఎండాక పెళ్ళలు రాలాయి. గంజిలో కొద్దిగా జిగురు కలిపి, ముందు కుట్టు పని పూర్తి చేసి, తర్వాత పైన పలచగా రెండు పూతలు వేస్తే నిలిచింది. అదీ నూలు గుడ్డ మీదే. పాలిస్టర్ పట్టుకోదు. అందుకని ఐదు నూలు చీరలనూ అడుగు భాగానికి జరిపాను, 24 నుంచి 32 దాకా. ముందు కలిపిన అతుకులు నాలుగు విప్పాల్సి వచ్చింది.

ఆఖరి చేతుల్లో చెయ్యి పెట్టి తీస్తే గోరు చుట్టూ సన్నగా తెల్ల గీత మిగులుతుంది. గాల్లోకి మాత్రం లేవదు. వారం పాటు కింద నల్లగుడ్డ పరిచి చూసుకున్నాను.

జూలై 20

ఆషాఢం వెళ్ళిపోతోంది, శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లు పదకొండు మీద పడ్డాయి. బోరు పని ఆగింది.

ఆగస్టు 31

ఊరి బయట ఒక పాత పల్లీల మిల్లు గోదాము ఇచ్చారు, నెల రోజులకు. బస్తాలు దింపే అటక 11 అడుగుల ఎత్తులో ఉంది. నాకు అచ్చంగా అదే కావాలి.

బోరు మూతి అటక మీద, నేల మట్టంలో. పాత గోనె పోగులు ఆ మూతి చుట్టూ కుట్టాను. చూడాలంటే మెట్లెక్కి, గొంతుకూర్చుని, వంగాలి. పక్కన ఒక చేతి అద్దం పెట్టాను. మా వైపు బోరులో నీళ్ళున్నాయో లేవో చూడటానికి ఎండకు అద్దం పట్టి వెలుగును లోపలికి కొడతారు. కిటికీలోంచి వచ్చే ఎండను అట్లా కొడితే 11 అడుగుల కింద, గొట్టం తిరిగే మలుపులో ఆ మూడు అద్దాలు ఒక్కసారి తళుక్కుమంటాయి. నేనే కుట్టినవని తెలిసి కూడా మొదటిసారి నా గుండె ఝల్లుమంది.

అక్కడి నుంచి గొట్టం కింద గోదాములోకి దిగి, నడుము ఎత్తున కొక్కేల మీద మలుపులు మలుపులుగా పోతుంది. రెండు రోజులు దాన్ని బిగించి నేరుగా నిలబెట్టాలని చూశాను. పేగుల్లా జారుతూనే ఉంది. శిల్పి మృణాళినీ ముఖర్జీ నార తాళ్ళను మగ్గం లేకుండా, ఒక్కో ముడీ చేత్తో వేసుకుంటూ మనిషి కంటే ఎత్తయిన రూపాలు చేసింది. వాటిలో తాడు తన బరువుకు ఎటు జారుతుందో అటే ఆకారం ఉంటుంది, లోపలి ఇనుము ఆసరా మాత్రమే. వాటి ఫోటోలు మళ్ళీ తీసి చూసుకుని, బిగింపులు వదిలేశాను. జారనిచ్చాను. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య గొట్టం పొట్టలా వేలాడింది. ఇప్పుడది ప్రాణం ఉన్నదానిలా ఉంది, లేదా ఈ మధ్యే ప్రాణం పోయినదానిలా.

గోదాము చూడటానికి వచ్చిన ఒక తెలిసినాయన, బొమ్మలు వేసే ఆయన, వంద అడుగులు చాలు కదమ్మా, భావం అందుతుంది కదా అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. వంద అడుగుల్లో ఆగి ఉంటే మాకు అప్పు లేదు. 640 అంటే 640. ఒక్క అడుగు తగ్గినా ఇది నా ఊహ అయిపోతుంది.

ఇంకొకరు, మరీ అందంగా కుట్టావు, బాధ గురించి కదా అన్నారు. 1997లో అనితా దూబె అనే కళాకారిణి మనిషి ఎముకలకు ఎర్ర మఖమల్ తొడిగి, పూసలు, లేసు కుట్టింది. మేం పెళ్ళి జాకెట్టుకు వాడే సామానే. అందం చూసి దగ్గరికి పోతాం, పోయాక అది ఎముకని తెలుస్తుంది, అప్పటికి చెయ్యి చాచేసి ఉంటాం. బోరు వేయించే ముందు నీళ్ళ జాడ చూసే కొబ్బరికాయ అరచేతిలో నిలబడ్డప్పుడు మా ఇంట్లో అందరి ముఖాలూ ఎంత అందంగా ఉన్నాయో నాకు గుర్తుంది. ఎర్రమట్టి పొరను నేను అందంగానే కుడతాను.

సెప్టెంబరు 14

నాయన కంటి పరీక్షకు అనంతపురం వచ్చాడు. అమ్మే గోదాముకు తీసుకొచ్చింది. నేను రమ్మనలేదు.

గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. "ఇదేందిమ్మే?"

"బోరు నాయనా. మన ఆఖరిది."

అటక ఎక్కలేదు. గొట్టం వెంబడే నడిచాడు. ఎర్ర గాజుల్ని వేలితో ముడుతూ పోతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. పదకొండో చేతి దగ్గర ఆగి, చెయ్యి లోపలికి పెట్టాడు. మా పెద్దత్త జాకెట్టుది ఆ చెయ్యి, ఆయన మోచేతి దగ్గర పట్టేసింది.

"ఇంత తడి యాడిది? రెండు నిమిషాలు పొడి తేమగా వచ్చినాది, అంతే. నీళ్ళు పడినాయని నేనే అరిస్తి."

మళ్ళీ నడిచాడు. చివరిదాకా పోయి వెనక్కి తిరిగాడు.

"ముప్పై రెండు పెట్టినావే."

"బిల్లులో 640 ఉంది కదా నాయనా."

"బిల్లులో ఉండాది. దిగినవి ముప్పై ఒకటే."

రాడ్డు దిగినప్పుడల్లా ఒక వేరుశనగ విత్తనం జేబులో వేసుకున్నాడట. తెల్లారి చూస్తే ముప్పై ఒకటి.

"అడగలేదా వాళ్ళను?"

"అడిగినా. మద్దెలో నిద్ర పోయింటావులే పెద్దాయనా అన్న్యారు."

"నిద్రపోయినావా?"

"ల్యా."

అమ్మకు కూడా ఈ సంగతి ఇవాళే తెలిసింది. ముగ్గురం బయట మెట్ల మీద కూర్చుని టీ తాగాం. నాయన వేళ్ళ చుట్టూ తెల్ల గీతలు ఉన్నాయి, చివరి చేతుల్లో కూడా చెయ్యి పెట్టినట్టున్నాడు. అప్పుడు నేను చూడలేదు.

సెప్టెంబరు 17

మూడు రోజులు ఆలోచించాను. 620 అడుగులు తవ్వారు. 640 అడుగులకు డబ్బు కట్టాం. రెండూ నిజమే.

ముప్పై రెండో రాడ్డు కొయ్యలేదు. దాని పది గాజులూ తీసేశాను. దుమ్ము పూత తడి గుడ్డతో నానబెట్టి తుడిచాను. లోపలి కుట్టు మొత్తం విప్పాను. జాకెట్టు చెయ్యి విప్పి ఆ చీలిక మూసేశాను. ముప్పై ఒకటో రాడ్డు చివర ముతక గుడ్డతో గుండ్రంగా అడుగు కుట్టాను, అక్కడితో బోరు అయిపోయింది. ఆ తర్వాత 20 అడుగుల చీర గాలి లేని సంచిలా చదునుగా నేల మీద పడి ఉంటుంది. దాని కొసన బిల్లులో ఆ 20 అడుగులకు పడిన రూపాయల అంకె మాత్రం గొలుసు కుట్టుతో వేశాను.

విప్పిన చెయ్యి అమ్మ జాకెట్టుది. ఉతికి ఆరేశాను, తిరిగి ఇచ్చేస్తాను.

ఇవాళ పదకొండో రాడ్డు దగ్గర కూర్చున్నాను. 140 చమ్కీల్లో ఎన్ని ఉంచాలో తెలియక నాయనకు ఫోన్ చేసి అడిగాను. రెండు నిమిషాలకు ఎన్ని పడతాయో అన్ని పెట్టమన్నాడు.

ఆరు ఉంచాను.